విశ్వం ఆకారాన్ని కొలవడం: ఒక ప్రాజెక్టు డైరీ

ప్రశ్నను బిగించుకోవడం

విశ్వం ఆకారం ఏమిటన్న ప్రశ్నను ఉన్నదున్నట్టుగా వదిలేస్తే దాన్ని కొలిచే దారి దొరకదు. అందుకే ఈ ప్రాజెక్టులో మొట్టమొదట చేసిన పని ఆ ప్రశ్నను రెండుగా విడదీయడం. మొదటిది వక్రతకు సంబంధించినది: కోట్లాది కాంతి సంవత్సరాల భుజాలున్న త్రిభుజాన్ని గీయగలిగితే దాని మూడు కోణాల మొత్తం సరిగ్గా 180 డిగ్రీలు వస్తుందా, అంతకు మించుతుందా, తగ్గుతుందా అన్నది. రెండవది టోపాలజీకి, అంటే రోదసి తనతో తాను ఏ విధంగా కలిసి ఉందన్న విషయానికి సంబంధించినది: ఒకే దిశలో సాగిపోతే ఎప్పటికీ కొత్త చోట్లే ఎదురవుతాయా, లేక బయలుదేరిన చోటికే తిరిగి చేరుకుంటామా అన్నది. సాధారణ సాపేక్షతా సమీకరణాలు మొదటి ప్రశ్నకు జవాబును విశ్వంలోని పదార్థం, శక్తి ఎంత సాంద్రంగా ఉన్నాయన్న దానితో ముడిపెడతాయి గాని, రెండవ ప్రశ్న గురించి ఏమీ చెప్పవు. కాబట్టి రెండింటికీ వేర్వేరు పరిశీలనలు కావాలి.

వక్రతను ఒమేగా-కె అనే ఒక్క సంఖ్యతో సూచిస్తారు. అది సున్నా అయితే విశ్వం చదునైనది. బడిలో నేర్చుకున్న యూక్లిడ్ జ్యామితి ఎంత దూరానికైనా చెల్లుతుంది. రుణ సంఖ్య అయితే రోదసి గోళపు ఉపరితలం మాదిరిగా తనలోకి తాను వంగి, పరిమితమైన ఘనపరిమాణంతో మూసుకుని ఉంటుంది. ధన సంఖ్య అయితే త్రిభుజపు కోణాల మొత్తం 180 డిగ్రీలకు తక్కువగా ఉండే తెరిచిన జ్యామితి వస్తుంది. చదును విశ్వానికి కావలసిన సగటు సాంద్రత ఘనపు మీటరుకు సుమారు ఐదు హైడ్రోజన్ పరమాణువుల పాటి ద్రవ్యరాశి మాత్రమే. ఇంత పలుచని సగటు ఒక పరమాణువు అటో ఇటో అయితే విశ్వం మూసుకుంటుందా, తెరుచుకుంటుందా అన్నది తేలిపోతుందనే విషయం నన్ను ఈ పనికి పురిగొల్పింది.

ఈ కొలతకు ఎంత పెద్ద త్రిభుజం కావాలో తెలుసుకోవడానికి పాత ప్రయత్నాలను చూశాను. 1900లో కార్ల్ ష్వార్జ్‌షిల్డ్ అప్పటికి తెలిసిన నక్షత్ర దూరాలను, నక్షత్రాల లెక్కలను ఆధారం చేసుకుని, రోదసి వంగి ఉంటే ఆ వంపు వ్యాసార్ధం తెరిచిన జ్యామితి విషయంలో కనీసం 64 కాంతి సంవత్సరాలు, మూసిన జ్యామితి విషయంలో కనీసం 1600 కాంతి సంవత్సరాలు ఉండాలని అంచనా వేశాడు. సాధారణ సాపేక్షతా సిద్ధాంతం పుట్టడానికి పదిహేనేళ్ల ముందే ఒక ఖగోళ శాస్త్రవేత్త రోదసి జ్యామితిని పరిశీలనతో తేల్చవలసిన విషయంగా భావించడం నాకు ఎంతో గొప్పగా తోచింది. ఆయన పద్ధతిలో లోపమేమీ లేదు. ఆయనకు అందుబాటులో ఉన్న త్రిభుజం చిన్నది, అంతే. మనకు ఇప్పుడు అందుబాటులో ఉన్న త్రిభుజానికి భుజం పొడవు సుమారు 4500 కోట్ల కాంతి సంవత్సరాలు.

తొలి శిఖరం

ఆ త్రిభుజాన్ని ఇచ్చేది విశ్వ నేపథ్య వికిరణం. విశ్వానికి సుమారు 3,80,000 సంవత్సరాల వయసున్నప్పుడు, ఉష్ణోగ్రత 3000 కెల్విన్ల దరిదాపులకు పడిపోయి ఎలక్ట్రాన్లు కేంద్రకాలతో కలిసి పరమాణువులు ఏర్పడగానే, అంతవరకు చిక్కుకుని ఉన్న కాంతి స్వేచ్ఛగా బయలుదేరింది. ఆ కాంతి ఇవాళ 2.725 కెల్విన్ల సూక్ష్మతరంగాలుగా అన్ని దిక్కుల నుంచీ మనకు చేరుతోంది. అది బయలుదేరే క్షణం దాకా వేడి ప్లాస్మాలో ధ్వని తరంగాలు ప్రయాణిస్తూ ఉండేవి. వాటి వేగం, వాటికి దొరికిన కాలం రెండూ భౌతిక శాస్త్రం నుంచి లెక్కకట్టగలం కాబట్టి, అవి నడిచిన దూరం కూడా తెలిసిపోతుంది. నేటి కొలమానంలో అది సుమారు 144 మెగాపార్సెక్‌లు, అంటే 47 కోట్ల కాంతి సంవత్సరాలు. త్రిభుజానికి ఇదే ఆధారం. ఆ కాంతి బయలుదేరిన గోళాకార తలం దాకా ఉన్న దూరం, దాదాపు 13.9 గిగాపార్సెక్‌లు (ఒక గిగాపార్సెక్ అంటే వెయ్యి మెగాపార్సెక్‌లు), మిగిలిన రెండు భుజాలు. త్రిభుజపు శీర్షం వద్ద మనం ఉన్నాం. ఆకాశంలో కొలిచేది మన దగ్గర ఏర్పడే కోణాన్ని మాత్రమే.

1998 చివరలో అంటార్కిటికా మీద ఎగిరిన బూమరాంగ్ బెలూన్ ప్రయోగం ఈ కోణం దాదాపు ఒక డిగ్రీ మేరకు ఉందని చూపి, 2000లో ఫలితాలు ప్రకటించినప్పుడు చదును విశ్వం వైపు మొగ్గు స్పష్టంగా కనిపించింది. నేను పని మొదలుపెట్టింది మాత్రం ఐరోపా అంతరిక్ష సంస్థ 2009లో ప్రయోగించిన ప్లాంక్ ఉపగ్రహపు 2018 నాటి తుది ఫలితాలతో. ఉష్ణోగ్రత హెచ్చుతగ్గుల పవర్ స్పెక్ట్రమ్ ఒక సాదా టెక్స్ట్ ఫైలు రూపంలో అందరికీ అందుబాటులో ఉంది. అందులో నాలుగు నిలువు వరుసలు: మొదటిది ఎల్ అనే బహుధ్రువ సంఖ్య, రెండవది ఆ కోణీయ ప్రమాణంలోని హెచ్చుతగ్గుల బలం, మూడు, నాలుగు వరుసలు కిందికీ పైకీ ఉన్న దోష పరిధులు. ఎల్ విలువ 2 నుంచి 2508 దాకా పోతుంది. ఎల్ పెరిగేకొద్దీ ఆకాశంలో మచ్చల పరిమాణం తగ్గుతుంది. స్థూలంగా 180 డిగ్రీలను ఎల్‌తో భాగిస్తే ఆ మచ్చ కోణం వస్తుంది.

ఫైలును గ్రాఫుగా గీయగానే ఎల్ 200 దాటిన చోట ఎత్తైన కొండ ఒకటి లేచి, 416 దగ్గర లోయలోకి దిగి, 538 దగ్గర రెండవ శిఖరానికి, 810 దగ్గర మూడవ శిఖరానికి చేరడం కనిపించింది. ఏ విశ్వ నమూనానూ ముందుగా నమ్మకుండా శిఖరం చోటును తెలుసుకోవాలన్నది ఈ దశలో నేను పెట్టుకున్న నియమం. అందుకని 170 నుంచి 270 దాకా ఉన్న బిందువులను మాత్రమే తీసుకుని, ప్రతి బిందువుకూ దాని దోష పరిధిని బట్టి బరువునిస్తూ, ఒక పరావలయాన్ని అమర్చాను. కొండ రెండు వైపులా ఒకే తీరున వాలదు కాబట్టి మూడవ ఘాతపు పదాన్ని కూడా చేర్చి చూశాను. వచ్చిన విలువ ప్లాంక్ బృందం ప్రచురించిన 220.6కు దగ్గరగా, ఆ రెండు అమరికల మధ్య ఉన్న తేడా కన్నా తక్కువ దూరంలో పడింది. ఎవరైనా మామూలు కంప్యూటర్‌లో ఒక సాయంత్రం చేసి చూడగల లెక్క ఇది. విశ్వ జ్యామితి తాలూకు ఒక మౌలిక కొలత ఇంత నేరుగా చేతికి అందడం మామూలు విషయం కాదని నా అభిప్రాయం.

తరువాతి పని ఈ 220 చదునుతనాన్ని ఎంత గట్టిగా చెబుతోందో చూడడం. మూసిన విశ్వంలో కాంతి కిరణాలు వంగి దగ్గరికి రావడం వల్ల దూరపు వస్తువులు వాటి దూరానికి తగిన దానికన్నా పెద్దవిగా కనిపిస్తాయి. గణితంలో చెప్పాలంటే, కోణాన్ని నిర్ణయించే దూరం నేరు దూరం కాదు. నేరు దూరాన్ని వక్రతా వ్యాసార్ధంతో భాగించి, దాని సైన్ విలువను తిరిగి ఆ వ్యాసార్ధంతో గుణిస్తే వచ్చేది. ఒమేగా-కె విలువ రుణ 0.044 అనుకుని, మిగతా సంఖ్యలేవీ కదపకుండా లెక్క వేశాను. వక్రతా వ్యాసార్ధం 21.2 గిగాపార్సెక్‌లు వచ్చింది. 13.87 గిగాపార్సెక్‌ల నేరు దూరం సైన్ లెక్కలో 12.9కి కుదించుకుపోయింది. అంటే ఏడు శాతం తగ్గుదల. తొలి శిఖరం 220 నుంచి 205 దగ్గరికి జరగాలి. ప్లాంక్ కొలతలో శిఖరం చోటుకు ఉన్న అనిశ్చితి ఒకటి కన్నా తక్కువ కాబట్టి, ఈ లెక్క ప్రకారం అలాంటి మూసిన విశ్వానికి చోటే లేదు. ఎన్నో జనరంజక వ్యాసాలు ఇక్కడే ఆగిపోతాయి. అసలు కష్టం మొదలయ్యేది ఇక్కడి నుంచే.

ఒకే కోణం, అనేక విశ్వాలు

పై లెక్కలో బలహీనత "మిగతా సంఖ్యలేవీ కదపకుండా" అన్న మాటలో ఉంది. ఆ సంఖ్యలను కదపకూడదని చెప్పే అధికారం నేపథ్య వికిరణానికి లేదు. సామాన్య పదార్థం, కృష్ణ పదార్థం ఎంత ఉన్నాయన్నది శిఖరాల ఎత్తుల నిష్పత్తుల నుంచి గట్టిగా తేలుతుంది. కాని నేటి విస్తరణ రేటు, అంటే హబుల్ స్థిరాంకం, అలా నేరుగా తేలదు. కాబట్టి హబుల్ స్థిరాంకాన్ని తగ్గిస్తూ, వక్రతను పెంచుతూ పోతే, రెండింటి ప్రభావాలూ ఒకదాన్నొకటి రద్దు చేసుకునే దారి ఒకటి ఉంటుంది.

ఈ దారిని కళ్లారా చూడడానికి ఇచ్చిన విశ్వ నమూనాకు పవర్ స్పెక్ట్రమ్ ఎలా ఉండాలో లెక్కించే క్యాంబ్ అనే ఉచిత ప్రోగ్రామును వాడాను. పదార్థాల భౌతిక సాంద్రతలను, శిఖరాల కోణాన్ని స్థిరంగా ఉంచి ఒమేగా-కె ని మాత్రం రుణ 0.044కు మార్చమని అడిగితే, ప్రోగ్రాము హబుల్ స్థిరాంకాన్ని 67.4 నుంచి 54 దగ్గరికి (మెగాపార్సెక్‌కు సెకనుకు ఇన్ని కిలోమీటర్ల లెక్కన) దించింది. ఆ విశ్వంలో నేరు దూరం 14.6 గిగాపార్సెక్‌ల దరిదాపులకు పెరుగుతుంది. వక్రత దాన్ని ఐదు శాతం మేర కుదించి మళ్లీ 13.9కే తెస్తుంది. రెండు వక్రరేఖలను ఒకే గ్రాఫు మీద గీస్తే, ఎల్ 50 దాటిన తరువాత ఒకదాని మీద ఒకటి పడి కంటికి విడివిడిగా కనిపించలేదు. శిఖరం అదే చోట, అదే ఎత్తులో ఉంది. విశ్వాలు మాత్రం వేరు: ఒకటి చదునుది, మరొకటి 26.5 గిగాపార్సెక్‌ల వ్యాసార్ధంతో మూసుకున్నది. దీన్నే జ్యామితీయ అస్పష్టత అని పిలవవచ్చు. ఈ ప్రాజెక్టు మొత్తంలో నేను అన్నిటికన్నా ఎక్కువ సేపు చూసిన గ్రాఫు ఇదే.

రెండు రేఖల నిష్పత్తిని గీసినప్పుడు గాని తేడాలు బయటపడలేదు. అవి రెండు చోట్ల ఉన్నాయి. ఎల్ 30 కన్నా తక్కువ ఉన్న చోట, అంటే ఆకాశంలో చాలా పెద్ద మచ్చల దగ్గర, ఆలస్యంగా మారే గురుత్వ క్షేత్రాల ప్రభావం వల్ల కొంత తేడా వస్తుంది. కాని మనకు ఉన్నది ఒకే ఆకాశం, అందులో అంత పెద్ద మచ్చలు కొన్నే ఉంటాయి కాబట్టి అక్కడ గణాంకాల అనిశ్చితి ఎక్కువ. రెండవది ఎల్ పెద్దగా ఉన్న చోట. మూసిన నమూనాలో పదార్థపు వాటా నూటికి 31 నుంచి 49కి పెరుగుతుంది. దారిలో ఉన్న పదార్థం కాంతిని వంచే గురుత్వ లెన్సింగ్ బలపడి, చిన్న శిఖరాలను మరికాస్త నునుపు చేస్తుంది.

ప్లాంక్ ఉష్ణోగ్రత, ధ్రువణ స్పెక్ట్రాలు ఈ నునుపును సిద్ధాంతం చెప్పిన దానికన్నా కొంచెం ఎక్కువగా చూపించాయి. అందువల్ల ఆ స్పెక్ట్రాలను ఒంటరిగా తీసుకుంటే ఒమేగా-కె రుణ 0.044 దగ్గరికి మొగ్గింది. దీన్ని ఆధారం చేసుకుని 2019లో దీ వాలెంతీనో, మెల్కియోరి, సిల్క్ విశ్వం మూసుకుని ఉందనడానికి ఆధారాలున్నాయని, అలాగైతే మిగతా కొలతలతో సంక్షోభం తప్పదని వాదించారు. ప్లాంక్ సొంతంగా కొలిచిన లెన్సింగ్ పటాన్ని జోడిస్తే విలువ రుణ 0.011 దగ్గరికి, దోష పరిధి 0.0065కి వస్తుంది. 2020లో ఎఫ్‌స్టాథియు, గ్రాటన్ డేటాను మరో విధంగా విశ్లేషించి చదును విశ్వంతో పేచీ లేదని చూపారు. నా దృష్టిలో ఈ వివాదం ఉపకారమే చేసింది. ఒకే రకం పరిశీలన నుంచి ఆకారాన్ని రాబట్టే ప్రయత్నంలో, ఎంత నాణ్యమైన డేటా అయినా, చిన్న గణాంక ఒడిదుడుకు కూడా జవాబును మార్చగలదని అది అందరికీ తెలియజెప్పింది. అస్పష్టతను ఛేదించేది మరో దూరంలో, మరో కాలంలో తీసిన రెండవ కొలత.

గెలాక్సీల కొలబద్ద

ఆ రెండవ కొలత కూడా అవే ధ్వని తరంగాల నుంచి రావడం ఈ శాస్త్రంలో నాకు అన్నిటికన్నా అందంగా కనిపించే విషయం. ప్లాస్మాలో తరంగాలు ఆగిపోయిన చోట పదార్థం కొంచెం ఎక్కువగా పోగుపడింది. తరువాత అక్కడ గెలాక్సీలు కొంచెం ఎక్కువగా పుట్టాయి. అందుకే గెలాక్సీల జంటల మధ్య దూరాలను లెక్కపెడితే 147 మెగాపార్సెక్‌ల దగ్గర చిన్న ఉబ్బు కనిపిస్తుంది. పదార్థం కాంతి పట్టు నుంచి కొంచెం ఆలస్యంగా విడిపడింది కాబట్టి ఇది ముందు చెప్పిన 144 కన్నా కాస్త ఎక్కువ. 2005లో రెండు గెలాక్సీ సర్వేలు దీన్ని మొదటిసారి గుర్తించాయి. ఇప్పుడు అరిజోనాలోని కిట్ పీక్ మీద ఉన్న నాలుగు మీటర్ల మేయాల్ దుర్భిణికి అమర్చిన డెసీ పరికరం, రోబోలు కదిపే 5000 ఆప్టికల్ ఫైబర్లతో ఏకకాలంలో వేల గెలాక్సీల రెడ్‌షిఫ్టులను, అంటే విశ్వ విస్తరణ వల్ల వాటి కాంతి ఎరుపు వైపు ఎంత జరిగిందో, కొలుస్తోంది. మొదటి మూడేళ్ల పరిశీలనల మీద ఆధారపడి, 1.4 కోట్లకు పైగా గెలాక్సీలు, క్వాజార్లతో ఆ బృందం 2025 మార్చిలో దూరాల పట్టికను ప్రకటించింది.

పట్టికలో దాదాపు ప్రతి రెడ్‌షిఫ్టుకూ రెండు సంఖ్యలు ఉంటాయి: చూపుకు అడ్డంగా కొలిచిన దూరం, చూపు వెంబడి కొలిచిన, విస్తరణ రేటును తెలిపే దూరం. రెండూ ఆ 147 మెగాపార్సెక్‌ల కొలబద్దతో భాగించి ఇచ్చినవే. నేను ముందుగా రెడ్‌షిఫ్టు 0.934 వరుసను తీసుకున్నాను, ఎందుకంటే అన్నిటికన్నా ఇరుకైన దోష పరిధి దానిదే. అక్కడ అడ్డ దూరం 21.58, దోష పరిధి 0.15. ఇక చదును విశ్వానికీ, హబుల్ స్థిరాంకం 54 ఉన్న మూసిన విశ్వానికీ అదే దూరాన్ని నేను సొంతంగా లెక్కగట్టాను. దీనికి పెద్ద ప్రోగ్రాము అక్కరలేదు. ఒక సమాకలనాన్ని ఐదు బిందువుల సింప్సన్ సూత్రంతో కాగితం మీద కూడా సాధించవచ్చు. నేను అలాగే చేసి, తరువాత కంప్యూటర్‌తో సరిచూసుకున్నాను. చదును విశ్వానికి 21.98 వచ్చింది. మూసిన విశ్వానికి 25.4 వచ్చింది.

నేపథ్య వికిరణం విడదీయలేకపోయిన రెండు విశ్వాలను గెలాక్సీలు ఇంత నిర్ద్వంద్వంగా వేరుచేశాయి. 25.4కూ 21.58కీ మధ్య ఉన్న తేడా దోష పరిధికి ఇరవై అయిదు రెట్లు. ఇందులో వక్రత నేరుగా కలిగించే సైన్ సవరణ 0.3 శాతం మాత్రమేనని గమనించాలి. రెడ్‌షిఫ్టు ఒకటి దగ్గర త్రిభుజం ఇంకా చిన్నదే. మూసిన విశ్వాన్ని పడగొట్టింది దానితో పాటు తప్పనిసరిగా వచ్చే తక్కువ విస్తరణ రేటు. దూరపు కోణం చెప్పలేని హబుల్ స్థిరాంకాన్ని దగ్గరి దూరం చెప్పేసింది. దాంతో దూరపు కోణం వక్రతను మాత్రమే మోయవలసి వచ్చింది. ఈ పని విభజన అర్థమయ్యాక, విశ్వం చదునుదని ఏ ఒక్క పరిశీలన నిరూపించిందన్న ప్రశ్నకే అర్థం లేదని నాకు స్పష్టమైంది.

చదును విశ్వపు 21.98 కూడా డెసీ విలువకు అచ్చంగా సరిపోలేదు. రెండున్నర దోష పరిధుల మేర ఎక్కువగా ఉంది. ఈ చిన్న ఎడం వక్రత వల్ల కాకపోవచ్చు. విశ్వ విస్తరణను వేగవంతం చేసే కృష్ణ శక్తి కాలంతో మారుతోందేమోనన్న చర్చకు మూలమైన సంకేతాల్లో ఇలాంటి ఎడాలూ ఉన్నాయి. కృష్ణ శక్తిని స్వేచ్ఛగా మారనిస్తే వక్రత మీద పట్టు కొంత సడలుతుంది. అందుకే నా పట్టికలో ప్రతి ఫలితం పక్కనా ఏ ఊహ మీద అది నిలబడి ఉందో రాసిపెట్టుకున్నాను.

అన్ని వరుసలనూ కలిపి అమరిస్తే, కృష్ణ శక్తి స్థిరమనుకున్నప్పుడు, ఒమేగా-కె సున్నాకు వెయ్యింట కొన్ని వంతుల లోపల, స్వల్పంగా ధన వైపు నిలిచింది. ప్లాంక్ బృందం తన డేటాను పాత గెలాక్సీ కొలతలతో కలిపి 2018లో ఇచ్చిన విలువ 0.0007, దోష పరిధి 0.0019. ఆ విలువకు అటూ ఇటూ రెండు దోష పరిధుల మేర అవకాశమిచ్చి, విశ్వం మూసుకునే ఉందనుకుంటే, వక్రతా వ్యాసార్ధం సుమారు 80 గిగాపార్సెక్‌లకు తక్కువ ఉండే వీలు లేదు. ఇది మనకు కనిపించే గోళపు వ్యాసార్ధానికి దాదాపు ఆరు రెట్లు. అలాంటి విశ్వపు మొత్తం ఘనపరిమాణాన్ని లెక్కిస్తే, మనకు కనిపించే భాగానికి సుమారు 900 రెట్లు వచ్చింది. చదునుది అని చెప్పడం కన్నా, వంగి ఉంటే ఇంతకన్నా ఎక్కువ వంగి లేదు అని చెప్పడమే కొలతకు తగిన మాట.

సూపర్‌నోవాలు

పాంథియన్ ప్లస్ సంకలనంలోని 1550 సూపర్‌నోవాలను, అంటే దూరాలు కొలవడానికి పనికొచ్చే నక్షత్ర విస్ఫోటాలను, కూడా జోడించాను. వక్రత విషయంలో అవి సొంతంగా చెప్పేది తక్కువ, ఎందుకంటే వాటి దూరాలు పదార్థం, కృష్ణ శక్తి, వక్రత మూడింటి కలగలుపుకు స్పందిస్తాయి. కాని పదార్థపు వాటాను విడిగా బిగించి, గెలాక్సీ కొలతలు సరైన దారిలోనే ఉన్నాయని చూపాయి. దీని మీద ఇంతకన్నా కాలం వెచ్చించలేదు.

చదును అంటే అనంతం కాదు

రెండవ ప్రశ్నకు వచ్చాను. ఒమేగా-కె కచ్చితంగా సున్నా అని తేలినా విశ్వం అనంతమని అర్థం కాదు. కాగితాన్ని గొట్టంలా చుట్టినప్పుడు దాని మీద గీసిన త్రిభుజపు కోణాలు మారవు. అయినా ఒక దిశలో నడిచే చీమ తిరిగి మొదటి చోటికే వస్తుంది. మూడు దిశల్లోనూ ఇదే జరిగితే వచ్చేది త్రిమితీయ టోరస్. అది పూర్తిగా చదునైనది, పరిమితమైనది, అంచులు లేనిది. కుడి ఎడమలు తారుమారు కాకుండా చదును రోదసిని పరిమితంగా మూయడానికి ఆరు విధాలున్నాయని గణిత శాస్త్రం నిరూపించింది. వాటిలో కొన్నింట ఎదురెదురు ముఖాలను కలిపే ముందు సగం చుట్టో, పావు చుట్టో, మూడో వంతో, ఆరో వంతో తిప్పాలి. హాంట్షే, వెంట్ కనుగొన్న ఆరవ రూపం వీటన్నిటికన్నా జటిలమైనది.

విశ్వం నిజంగా ఇలా చిన్నదైతే, నేపథ్య కాంతి బయలుదేరిన గోళం తనను తానే ఖండించుకుంటుంది. రెండు గోళాల ఖండన వృత్తం కాబట్టి, ఆకాశంలో రెండు వేర్వేరు దిక్కుల్లో ఒకే ఉష్ణోగ్రతల వరుస గల వృత్తాలు కనిపించాలి. 1998లో కార్నిష్, స్పెర్గెల్, స్టార్క్‌మన్ ప్రతిపాదించిన ఈ పద్ధతిలో నాకు నచ్చిన గుణం, అది విశ్వంలో ఏ పదార్థం ఎంత ఉందన్న దానితో నిమిత్తం లేకుండా పనిచేయడం.

వలయాల వేట

నిజమైన ఆకాశాన్ని ముట్టుకునే ముందు, జవాబు తెలిసిన ఆకాశాన్ని సృష్టించి దాని మీద పద్ధతిని పరీక్షించాలని నిర్ణయించుకున్నాను. 20 గిగాపార్సెక్‌ల భుజం గల ఘనాకార టోరస్‌ను ఎంచుకున్నాను. అలాంటి విశ్వంలో భుజం పొడవులో సరిగ్గా పూర్ణ సంఖ్యల సార్లు ఇమిడే తరంగాలే ఉండగలవు. ఎల్ 100 దాకా కావాలంటే దాదాపు 50,000 తరంగాలు సరిపోతాయి. ప్రతి తరంగానికీ యాదృచ్ఛికంగా ఒక పరిమాణాన్ని ఇచ్చి, అన్నిటినీ గోళం మీద కలిపి, గోళాన్ని సమాన వైశాల్యపు గడులుగా విభజించే హీల్‌పిక్స్ పద్ధతిలో 49,152 గడులు గల పటాన్ని తయారుచేశాను. ఒక్కో గడి వెడల్పు డిగ్రీకి కాస్త తక్కువ. కంప్యూటర్ చాలాసేపు పనిచేసింది గాని, అసాధ్యమేమీ కాలేదు.

ఎక్కడ ఏం కనిపించాలో ముందే చెప్పగలగడం ఈ పరీక్షలోని బలం. గోళపు వ్యాసం 27.7 గిగాపార్సెక్‌లు. భుజం 20 కాబట్టి మూడు అక్షాల వెంబడి గోళం తనను తాను ఖండించుకుంటుంది. ఘనపు ముఖకర్ణం 28.3 కాబట్టి ఆ దిశలో ఖండన ఉండదు. కనుక సరిగ్గా మూడు జతల వృత్తాలు రావాలి. వాటి కోణీయ వ్యాసార్ధపు కొసైన్ విలువ భుజాన్ని వ్యాసంతో భాగిస్తే వచ్చే 0.72, అంటే 44 డిగ్రీలు. ఒక్కో వృత్తం చుట్టుకొలత ఆకాశంలో 250 డిగ్రీలు, దాని మీద సుమారు 270 గడులు.

ఎదురెదురు దిక్కుల్లో ఒకే వ్యాసార్ధపు వృత్తాలను తీసుకుని, రెండింటి ఉష్ణోగ్రతల లబ్ధపు సగటును వాటి వర్గాల సగటుతో పోల్చే కొలమానాన్ని రాసుకున్నాను. పూర్తిగా సరిపోతే విలువ ఒకటి. వ్యాసార్ధాన్ని 44 డిగ్రీల దగ్గర ఉంచి అక్షం దిశను ఆకాశమంతా తిప్పినప్పుడు, అనుకున్న మూడు దిశల్లోనూ విలువ ఒకటికి చేరువగా ఎగసింది. అయితే మిగతా దిశల్లో కూడా యాదృచ్ఛికంగా 0.5, 0.6 దాకా లేచిన చోట్లున్నాయి. ఆకాశంలో పెద్ద మచ్చలు బలమైనవి కావడం వల్ల, రెండు పొడవైన వృత్తాల మీద నాలుగైదు ఎగుడుదిగుళ్లు కాకతాళీయంగా కలిసిపోవడం సులభం. కార్నిష్ బృందం 2004లో చేసినట్టుగా వృత్తం వెంబడి ఉష్ణోగ్రతలను ఫోరియర్ పదాలుగా విడగొట్టి, చిన్న ఒడిదుడుకులకు ఎక్కువ బరువునిచ్చాక నకిలీ శిఖరాలు అణగిపోయి, మూడు నిజమైనవి సూదుల్లా నిలబడ్డాయి.

ఆ తరువాత అసలు భౌతికాన్ని చేర్చాను. కాంతి బయలుదేరినప్పుడు ప్లాస్మా కదలిక వల్ల వచ్చే డాప్లర్ మార్పు దిశను బట్టి ఉంటుంది. ఒకే బిందువును మనం రెండు వేర్వేరు దిక్కుల నుంచి చూస్తున్నాం కాబట్టి ఆ భాగం రెండు వృత్తాల్లో సరిపోలదు. పాలపుంత వెలుగు కప్పేసే పట్టీని కూడా తొలగించాలి. ఈ రెండింటి తరువాత సరిపోలిక విలువ బాగా తగ్గినా, 44 డిగ్రీల వృత్తాలు ఇంకా నేపథ్యం నుంచి విడిగా కనిపించాయి. వ్యాసార్ధం 20 డిగ్రీలకు తగ్గేలా పెద్ద టోరస్‌ను తీసుకున్నప్పుడు, వృత్తం మీద గడులు తక్కువై, నా పటం స్పష్టతకు అవి అందలేదు. కాబట్టి నా వేటకు హద్దు అదే.

ఈ హద్దు లోపల ప్లాంక్ శుద్ధి చేసిన ఉష్ణోగ్రత పటాన్ని వెతికాను. తిప్పుడు కోణాలనూ చేర్చాను. కృత్రిమ ఆకాశాల్లో యాదృచ్ఛికంగా వచ్చే స్థాయిని మించిన జత ఏదీ దొరకలేదు. ఇది ఊహించిన ఫలితమే. 2003లో ల్యుమినే బృందం పన్నెండు ముఖాల పాంకరే రోదసిని ప్రతిపాదించినప్పుడు 35 డిగ్రీల చుట్టుపక్కల ఆరు జతల వృత్తాలు రావాలని అంచనా ఏర్పడింది. 2004 నాటి వేటలో అలాంటివి కనిపించలేదు. ఘనాకార టోరస్ విషయంలో ప్లాంక్ బృందం నాకన్నా ఎంతో ముందుకు వెళ్లి, భుజం గోళపు వ్యాసంలో సుమారు 97 శాతానికి తగ్గదని 2015లో తేల్చింది. అయినా నా వేట వృథా అని నేను అనుకోవడం లేదు. ప్రచురితమైన హద్దు ఎక్కడి నుంచి వస్తుందో, ఏ పదం దాన్ని బలహీనపరుస్తుందో సొంతంగా కట్టి చూస్తే గాని తెలియదు.

ఇప్పుడు చేతిలో ఉన్న పని

వృత్తాలు కనిపించకపోవడంతో టోపాలజీ కథ ముగిసిపోలేదు. కాంపాక్ట్ అనే పరిశోధక బృందం 2024లో చూపినట్టుగా, మెలితిప్పిన చదును రోదసుల్లో కొన్నింటిని వృత్తాల వేట ఇంకా తోసిపుచ్చలేదు. మనం ఆ రోదసిలో ఎక్కడ ఉన్నామన్న దాన్ని బట్టి కూడా వృత్తాలు కనిపించడమో మానడమో జరుగుతుంది. వృత్తాలు లేకపోయినా, పరిమిత రోదసిలో ఇమిడే తరంగాలు పరిమితం కావడం వల్ల ఆకాశంలోని వేర్వేరు బహుధ్రువాల మధ్య అనంత విశ్వంలో ఉండని సంబంధాలు ఏర్పడతాయి. వాటిని వెతకాలంటే ఒక్కో ఎల్‌కు ఒక్కో బలం అనే సాదా పవర్ స్పెక్ట్రమ్ చాలదు. బహుధ్రువాల జంటలన్నిటి మధ్య సహసంబంధాల పట్టిక కావాలి.

అందుకే 20 గిగాపార్సెక్‌ల టోరస్ కోసం రాసుకున్న తరంగాల ప్రోగ్రామునే ఇప్పుడు మారుస్తున్నాను. సగం చుట్టు తిప్పిన రోదసికి అనుమతించే తరంగాలను తీసుకుని, ఎల్ 2 నుంచి 30 దాకా పట్టికను గణించే భాగం పూర్తయింది. దాన్ని అనంత విశ్వపు పట్టికతో పోల్చి, రెండింటినీ వేరుచేయగల సమాచారం ఎంత ఉందో భుజం పొడవు మారుస్తూ కొలవాలి. ముఖ్యంగా భుజం గోళపు వ్యాసాన్ని దాటిన తరువాత ఆ సమాచారం ఎంత వేగంగా తరిగిపోతుందో చూడాలి. వక్రత పక్కన మరో పని ఉంది: డెసీ వరుసలతో చేసిన అమరికను, కృష్ణ శక్తిని మారనిచ్చి, మళ్లీ మొదటి నుంచి నడపాలి. ఒమేగా-కె విలువ పదివేలలో ఒక వంతు కన్నా తక్కువైతే, ఆదిమ సాంద్రత ఒడిదుడుకుల నుంచి దాన్ని వేరుచేయడం ఏ పరికరానికీ సాధ్యం కాదు. నేటి దోష పరిధికీ ఆ హద్దుకూ మధ్య ఇంకా పదిరెట్లకు పైగా చోటు ఉంది. 2023లో ప్రయోగించిన యూక్లిడ్ దుర్భిణి నుంచి గెలాక్సీ దూరాల పట్టికలు అందుబాటులోకి వచ్చినప్పుడు నేరుగా జోడించుకునేలా ప్రోగ్రాములోని డేటా భాగాన్ని విడదీసి ఉంచాను.